మా మామ థర్మాకోల్ ఆంప్

మా మామ పోయాడు. మొన్న మంగళవారం మధ్యాహ్నం. ఆ సమయానికి నేను కళ్లద్దాల షాపులో ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదివిస్తూ ఉన్నాను. అత్త ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు. కొంచెం కోపం ఉంది.

"మీ మామ పోయినాడే," అంది. "సాంబారన్నం తిన్నాడు. మజ్జిగన్నం తిన్నాడు. ఇంకొక అప్పళం కావాలన్నాడు. నూనెలో ఏసి తీసుకోని వచ్చే లోపల కుర్చీలోనే పోయినాడు. చేతిలో అప్పళం పెట్టుకోని నిలబడి ఉండా నేను."

నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయటికి పరుగెత్తాను. కుర్చీలో ఉన్నాయన అట్లాగే ఒక కన్ను మూసుకుని చాలాసేపు కూర్చున్నాడని మా ఓనరు తర్వాత చెప్పాడు. ఈ సంగతి మామ వినుంటే నవ్వి నవ్వి దగ్గేవాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మేము పుదుచ్చేరిలో ఎన్నో తరాలుగా ఉన్న తెలుగు వాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదవడం, రాయడం అంతా తమిళంలోనే. నాకొక్కదానికి మా అమ్మ పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్పింది. మామకు రాదు, అత్తకు రాదు. "నేను పోయినాక నా గురించి రాస్తే తెలుగులో రాయి పాపా," అన్నాడు మామ ఒకసారి. "మీ అత్త చదవలేదు. నిజం రాయచ్చు." అందుకని నిజమే రాస్తున్నాను.

మామకు బజారులో తాళ్ల కొట్టు ఉండేది. మా తాత పెట్టింది. పడవలకు కట్టే లావు తాళ్ల నుంచి ఊయల తాడు దాకా ఏది కావాలన్నా దొరికేది. తాడు తీసి ఇచ్చే ముందు మామ దాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకుని, బొటనవేలితో ఒకసారి మీటేవాడు. గట్టిదనం చూస్తున్నాడని కొనేవాళ్లు అనుకునేవాళ్లు. నేనూ అట్లాగే అనుకున్నాను. అడిగితే, "గట్టిదనం కంటికే తెలుస్తుంది. ఇది సుమ్మా, ఊరికే, నా సంతోషానికి," అన్నాడు. ఆ కొట్టులో కూర్చుని చెప్పిన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది. "ముడి ఎవుడైనా ఏస్తాడు. విప్పేదానికి వచ్చేటట్టు ఏసేవాడే పనోడు." నా పెళ్లిలో తాళి కట్టే ముందు కూడా మా ఆయనకు ఇదే చెప్పబోయాడు. అత్త మామను మండపం పక్కకు లాక్కెళ్లింది.

కొట్టు మూశాక ఆయన ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. పెళ్లి రిసెప్షన్లకు, గుడి తిరునాళ్లకు పాటలు పాడే ఒక లైట్ మ్యూజిక్ ట్రూపులో ముప్పై ఏళ్లు వాయించాడు. ట్రూపు లీడరు, కీబోర్డు వాయించే దామోదరన్న. ఎలక్ట్రిక్ గిటారుకు సొంత గొంతు లేదని తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. దాన్ని ఊరికే మీటితే దోమ పాడినట్టు ఉంటుంది. దానికి గొంతిచ్చేది ఆంప్, అంటే లోపల స్పీకరు బిగించిన పెద్ద పెట్టె. మామ ఆంప్, ఊరు విడిచి వెళ్లిపోతున్న ఒక ఫ్రెంచాయన దగ్గర తీసుకున్నది. నలభై కిలోల కొయ్య పెట్టె. లోపల గాజు వాల్వులు. స్విచ్చి వేస్తే అవి మెల్లగా ఎర్రబడి, వేడెక్కి, అప్పుడు గాని పలికేవి కావు. "ఉండండి, వేడెక్కనీండి," అని మామ వేలెత్తి జనాన్ని ఆపేవాడు. "ఆ లోపల సోలెడు బియ్యం ఉడుకుతుంది," అనేది అత్త.

ఆ పెట్టె ఆటోలో ఎక్కితే మనిషికి చోటుండేది కాదు. పెట్టె ఆటోలో పోయేది, మామ వెనకాల మోపెడ్ మీద పోయేవాడు. దారిలో ఎర్ర లైటు దగ్గర ఆటో దాటిపోయి తను ఆగిపోతే, బిడ్డను రైల్లో పోగొట్టుకున్నవాడి మాదిరి మెడ చాచి చూసేవాడు.

దానికి ఇంకో రోగం కూడా ఉండేది. సముద్రం దగ్గరికి పోతే రేడియో పట్టేది. వీరాంపట్టినం తిరునాళ్లలో ఒకసారి అమ్మవారి పాట మొదలుపెట్టబోతున్నారు. మామ తీగ మీద వేలు పెట్టేలోగా ఆంప్‌లో నుంచి ఒక ఆడ గొంతు, శుద్ధమైన రేడియో తమిళంలో, సముద్రంలో గాలి పెరుగుతోంది, పడవల వాళ్లు ఎవరూ లోపలికి పోవద్దు అని చెప్పింది. ఎదురుగా కూర్చున్నదంతా పడవల వాళ్లే. సగం మంది లేచి, పడవలు పైకి లాక్కోవడానికి పరుగెత్తారు. మిగిలిన సగం మంది అమ్మవారే చెప్పిందని లేచి నిలబడి దండం పెట్టారు. తెల్లవారి నిజంగానే గాలి వీచింది. మరుసటి ఏడు ఆ ఊరి పెద్దలు దామోదరన్నను పిలిచి, పాటగాళ్లు ఎవరైనా సరే, ఆ గిటారాయన, ఆయన పెట్టె మాత్రం తప్పకుండా రావాలన్నారు.

మూడేళ్ల కింద ఒక సాయంత్రం, మామ ఆ పెట్టెను ఆటో నుంచి దింపుతూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఏదో కింద పడేసుకున్నాడేమో అనుకుని ఆటో డ్రైవరు కూడా వంగి వెతికాడట. కాసేపయ్యాక ఇద్దరూ నేల చూస్తూనే మాట్లాడుకుని, విషయం తేల్చుకుని, అదే ఆటోలో డాక్టరు దగ్గరికి పోయారు.

డాక్టరు, ఇకమీద నీళ్ల బిందె కూడా ఎత్తకూడదన్నాడు.

"బిందె ఎత్తను డాక్టర్," అన్నాడు మామ. "నా జన్మలో ఎత్తింది లేదు."

"అదంతా నిజమే డాక్టర్," అంది అత్త. "ఈయన ఎత్తేది వేరే." అని ఆంప్ గురించి చెప్పింది. డాక్టరు మందుల చీటీలో అన్నింటికన్నా పైన ఆ పెట్టె సంగతి రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ఇంకొకరితో మోయిస్తామని ట్రూపు వాళ్లు అన్నారు. మామ ఒప్పుకోలేదు. ట్రూపులో అందరికీ అరవై దాటింది. "నా నడుము పోయింది చాలదా, వాళ్లవి కూడా పోగొట్టాలా," అన్నాడు. గిటారు సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు. అత్త ఆంప్ మీద దుప్పటి కప్పింది. కొన్నాళ్లకు దుప్పటి మీద ఊరగాయ జాడీలు పెట్టింది.

మూడు నెలలు గడిచాయి. ఒక రోజు అత్త మా షాపుకు వచ్చి, కళ్లు చూడమని కుర్చీలో కూర్చుంది. ఆమె కళ్లకు ఏ లోపమూ లేదు. ఆ మాట చెబితే, "తెలుసు," అంది. "మీ మామ సంగతి చెప్పాలని వచ్చినా. ముప్పై ఏండ్లు సప్పుడు తగ్గించండి, తగ్గించండి అని మొత్తుకున్నా. ఇప్పుడు ఇంట్లో సప్పుడే లేదే. కుక్కరు కూత పెడితే మనిషి ఉలిక్కిపడతా ఉండాడు. నిన్న కొట్టులో చూసినా, తాడు అడిగినోళ్లకు మీటకుండానే కోసి ఇచ్చేస్తా ఉండాడు."

అత్త మామ గురించి భయపడడం నేను చూసింది అదే మొదటిసారి. ఆమె లేచి, కళ్లద్దాల ఫ్రేములు నాలుగు పెట్టి చూసుకుని, ఏదీ కొనకుండా పోయింది.

నేను సంగీత వాయిద్యాలు అమ్మే షాపులో విచారిస్తే, ఇప్పుడు అంత పెద్ద పెట్టెలు ఎవరూ మోయడం లేదమ్మా అని చెప్పి, ఒక చిన్న పెడల్ చూపించారు. నల్ల రేకు డబ్బా. మూడు గుండ్రటి మీటలు, కాలితో నొక్కడానికి ఒక బొత్తాం. గిటారు వైరు ఒక పక్క గుచ్చి, ఇంకో పక్క నుంచి స్టేజీ మీది స్పీకర్లకు కలిపితే చాలు. పెద్ద ఆంప్‌లో నుంచి వచ్చే సౌండు అట్లాగే తయారు చేసి ఇస్తుంది. దాన్ని చేతి సంచిలో వేసుకుని మామ ఇంటికి పోయాను.

"ఏంది ఇది?" అన్నాడు మామ.

"ఆంప్ మామా."

"ఆంప్ యాడ?"

"ఇదే."

మామ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "లోపల ఏమీ లేదే. సబ్బు పెట్టె మాదిరి ఉంది."

"ఇందులో ఆంప్ సౌండు ఒకటే కాదు మామా. కేబినెట్ సౌండు కూడా ఉంటుంది. పన్నెండు కేబినెట్లు ఉన్నాయి. ఈ మీట తిప్పితే ఒకటి పోయి ఇంకోటి వస్తుంది."

గిటారు వాళ్ల భాషలో కేబినెట్ అంటే స్పీకర్లు బిగించే కొయ్య పెట్టె. ఒక్కో పెట్టెకు ఒక్కో గొంతు. అది మామకు నాకన్నా బాగా తెలుసు. అయినా, "కేబినెట్ పోయి ఇంకో కేబినెట్ రావడం మన ఊర్లో కొత్తేమీ కాదు గదా పాపా," అన్నాడు. తర్వాత డబ్బాను నా ఒళ్లో పెట్టేశాడు. "కొయ్య లేదు. గాజు లేదు. వేడి లేదు. సౌండు యాడ్నించి వస్తుంది? బిర్యానీ ఫోటో చూపించి తినమంటా ఉండావు నువ్వు."

కళ్లు పరీక్ష చేసే మాకు ఒక కిటుకు ఉంది. ఎవరైనా ఏ అద్దం పెట్టినా బాగాలేదంటూ ఉంటే, అద్దం తీసి, తుడిచి, మళ్లీ అదే అద్దం పెడతాం. "ఆ, ఇప్పుడు బాగుంది," అంటారు చాలామంది. ఆదివారం నాడు దామోదరన్నను స్పీకరుతో సహా రమ్మన్నాను. దాన్ని మామ ఆంప్ పక్కనే పెట్టించాను. మామను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, చేతికి గిటారు ఇచ్చాను.

"మామా, వైరు నేను మారుస్తా ఉంటాను. ఒకసారి నీ ఆంప్, ఒకసారి ఈ డబ్బా. ఏది ఏదో చెప్పు."

"దీనికి పరీక్ష ఎందుకు? నిద్రలో చెప్తా," అన్నాడు మామ.

వాయించాడు. "ఇది నీ సబ్బు పెట్టె," అన్నాడు. నేను వైరు పీకి, గుచ్చి, దామోదరన్నకు సైగ చేశాను. మళ్లీ వాయించాడు. ఈసారి భుజాలు దిగాయి. "ఇదీ," అన్నాడు. "ఇదీ నాది. ఈ వేడి చూడు. కొయ్య వాసన వస్తా ఉంది చూడు. ఇది డబ్బాలో నుంచి వస్తుందా దామోదరా?" అని ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఎన్నోసారో వైరు మార్చాక, "నాది, నాది," అని కళ్లు మూసుకుని తల ఊపుతూ ఉంటే, అత్త వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఏందండీ, మీ ఆంప్‌కు ఎవురూ స్విచ్చే ఎయ్యలేదు. దాని మీద నా ఊరగాయ జాడీలు అట్నే ఉండాయి."

మామ తిరిగి చూశాడు. జాడీలు చూశాడు. నన్ను చూశాడు. దామోదరన్న కిటికీలో నుంచి వీధి చూడడం మొదలుపెట్టాడు.

"పాపా," అన్నాడు చివరికి. "చెవులకు కూడా అద్దాలు ఏస్తారా మీ షాపులో?"

ఆ రోజు ఇంకో రెండు గంటలు వాయించాడు. మళ్లీ గోడ వైపు తిరిగే కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడం మాకు కనబడకూడదని అయ్యుంటుంది.

ఆయన మళ్లీ ట్రూపుకు పోతాడని అందరం సంతోషపడ్డాం. కానీ మామకు ఇంకో దిగులు పట్టుకుంది. ముప్పై ఏళ్లు ఆ పెద్ద పెట్టె పక్కన నిలబడి వాయించిన మనిషి, ఇప్పుడు ఒట్టి చేతులతో స్టేజీ ఎక్కితే జనం ఏమనుకుంటారు? "ముసలోడి పెట్టె కూడా పోయిందే అనుకుంటారు," అన్నాడు. పక్క వీధిలో పెళ్లి మండపాలకు థర్మాకోల్‌తో హంసలు, నెమళ్లు, వధూవరుల పేర్లు కోసి ఇచ్చే ఒకాయన ఉన్నాడు. మామ ఆయన దగ్గరికి పోయి, హంసలు కోసే చేత్తో ఒక ఆంప్ కోయమని అడిగాడు.

ఆయన మామ ఇంటికి వచ్చి, అసలు ఆంప్‌ను టేపుతో కొలుచుకుని, వారం రోజుల్లో థర్మాకోల్ ఆంప్ తెచ్చాడు. నల్ల రంగు. ముందర జాలీ గుడ్డకు బదులు మామ కొట్టులోని గోనెపట్టా. మీటలకు కొబ్బరినూనె సీసా మూతలు. ఎర్ర లైటు కూడా ఉంది, చిన్న బ్యాటరీతో వెలుగుతుంది. మామ దాన్ని ఒక వేలితో ఎత్తి, నడిమింట్లో అటూ ఇటూ తిరిగాడు.

"అచ్చం నిజం మాదిరే ఉంది," అంది అత్త. "ఈసారి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు."

మూలకుళంలో ఒక రిసెప్షన్. పెడల్‌ను థర్మాకోల్ పెట్టె లోపల దాచి, వెనక పక్క చిన్న రంధ్రంలో నుంచి వైర్లు తీశారు. మామ కొత్త చొక్కా వేసుకున్నాడు. అలవాటు కొద్దీ, "ఉండండి, వేడెక్కనీండి," అని జనాన్ని కాసేపు ఆపాడు కూడా. నేను, అత్త మూడో వరసలో కూర్చున్నాం.

మొదట వినాయకుడి పాట. పెడల్ పెట్టె లోపల ఉంది కదా, దాని బొత్తాం ఏ సౌండులో ఉందో మామ చూసుకోలేదు. మెల్లగా, భక్తిగా తీగ మీటాడు. స్పీకర్లలో నుంచి ఏనుగు తొక్కిసలాట మాదిరి ఒక గర్జన వచ్చింది. పెళ్లికొడుకు తాత కుర్చీలో నుంచి సగం లేచాడు. మామ ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. పాటంతా అదే గర్జనతో పూర్తి చేశాడు. వినాయకుడు ఏనుగే కదా, సరిపోయింది అన్నాడు మా పక్కనాయన.

ఆ తర్వాత హాలు వాళ్లు స్టేజీ పక్కన పెద్ద ఎయిర్ కూలర్ వేశారు.

ఆంప్ మెల్లగా జరగడం మొదలుపెట్టింది. ముందు నేను కళ్లు నలుపుకున్నాను. నలభై కిలోల పెట్టె అనుకున్నది, ఎర్ర లైటు వెలిగించుకుని, పెళ్లికూతురి సోఫా వైపు ప్రయాణం కట్టింది. మామ వాయిస్తూనే రెండడుగులు వేసి, ఎడమ కాలు ఎత్తి దాని మీద పెట్టి ఆపాడు. ఇక కాలు తీస్తే పోతుంది. అందుకని ఆ కార్యక్రమం అంతా, అన్ని పాటలూ, కాలు ఆంప్ మీద పెట్టుకుని, బరువు మాత్రం దాని మీద పడకుండా, కుడి కాలి మీదే నిలబడి వాయించాడు. బరువు వేస్తే థర్మాకోల్ విరుగుతుంది. చూసేవాళ్లకు అది స్టైలు. కుర్రకారు ఈల వేశారు. అరవై ఆరేళ్ల మామకు ఈల వేయడం అత్తకు నచ్చలేదు గాని, ఎవరు వేశారో అని మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

చివర్లో గడ్డం ఉన్న ఒకతను స్టేజీ దగ్గరికి వచ్చాడు. కాలాపేట యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడట, నెల్లూరు వైపు వాడు. తనూ గిటారు వాయిస్తానన్నాడు. "సార్, వాల్వు ఆంప్ అంటే ఇదండీ. ఈ వెచ్చదనం ఆ చిన్న చిన్న పెడల్స్‌లో ఎక్కడ వస్తుంది? నేనూ ఇలాంటిది ఒకటి కొనుక్కుంటాను సార్," అన్నాడు.

మామ కాలు ఇంకా పెట్టె మీదే ఉంది. "ఆ... పాత పెట్టె," అన్నాడు. అతను నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక మామ సరిగ్గా తినలేదు. తెల్లవారి కూడా తినలేదు. మూడో రోజు నాకు ఫోన్ చేశాడు.

"పాపా, ఆ పిల్లోడు నిజంగా ఆ పెట్టె కొంటే ఏమి చేసేది? నలభై కిలోలు. వాడు మెట్లెక్కి మోస్తాడు. వాడి నడుము పోతుంది. నా అబద్ధానికి వాడి నడుము పోవాల్నా?"

"అతని పేరేంటి మామా?"

"తెలియదు. గడ్డం ఉంది."

శనివారం నాడు ఇద్దరం కాలాపేట బస్సెక్కాం. యూనివర్సిటీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, ఎవరు కావాలని అడిగాడు. తెలుగు పిల్లోడు, గడ్డం ఉంటుంది అన్నాడు మామ. ఆయన మమ్మల్ని లోపలికి పంపించి, చూసుకోమన్నట్టు చెయ్యి చాపాడు. లోపల గడ్డం లేనివాళ్లే తక్కువ. మామ ఒక్కొక్క గడ్డాన్ని ఆపి, "మూలకుళం పెండ్లికి వచ్చింది నువ్వేనా నాయనా," అని అడిగాడు. నడుముకు పట్టీ కట్టుకుని, చెమట తుడుచుకుంటూ, ఎండలో ఆ రోడ్లన్నీ తిరిగాడు. నేను ఇక పోదాం అంటే వినలేదు. చివరికి క్యాంటీన్లో, టీ గ్లాసు ముందు అతను దొరికాడు.

మామ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. "నాయనా, నేను నీకు అబద్ధం చెప్పినా. అది ఆంప్ కాదు. థర్మాకోల్. లోపల సబ్బు పెట్టె అంత పెడల్ ఉండింది. నువ్వు ఆ పెద్ద పెట్టె కొనొద్దు. నా నడుము చూడు."

అతను గాభరాగా లేచి, మామకు కుర్చీ లాగాడు. తల దించుకున్నాడు.

"నాకు తెలుసండీ," అన్నాడు.

"ఏమి తెలుసు?"

"కూలర్ గాలికి నడిచే ఆంప్ ఎక్కడుంటుంది సార్. నేను ముందు వరసలోనే కూర్చున్నాను."

మామ కుర్చీలో కూర్చున్నాడు. "మరి వాల్వు ఆంప్ అంటే ఇదీ అని ఎందుకన్నావు?"

"ఒంటి కాలి మీద అన్ని పాటలు వాయించారు కదండీ. దాని కోసం మీరు అంత కష్టపడుతుంటే, నేను చూడలేదని మీకు అనిపించాలనుకున్నాను. కొంచెం ఎక్కువ చెప్పేశాను. సౌండు బాగుందన్నది మాత్రం నిజమే సార్. నా దగ్గరా అలాంటి పెడలే ఉంది. నాకెప్పుడూ అలా పలకలేదు."

మామ అతని భుజం మీద చెయ్యి వేసి, "టీ చెప్పు నాయనా, ముగ్గురికీ," అన్నాడు.

తిరుగు బస్సులో మామ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే నడుము నొప్పి, నొప్పికి మళ్లీ నవ్వు. కండక్టరు వచ్చి మంచినీళ్లు ఇచ్చాడు. "జనం చూస్తారని భయపడినా పాపా," అన్నాడు ఊపిరి తీసుకుని. "చూసినారు. చూసి కూడా ఊరికే ఉన్నారు. ఎంత మంచోళ్లు."

ఆ తర్వాత పెడల్‌ను అందరికీ కనబడేటట్టు స్టూలు మీద పెట్టుకుని వాయించాడు. ఎవరైనా అడిగితే వదిలేవాడు కాదు, పన్నెండు కేబినెట్లూ వినిపించి పంపేవాడు. థర్మాకోల్ ఆంప్ అత్త కొలువులో మెట్టెక్కింది. అసలు ఆంప్‌ను, ఊరగాయ జాడీలు తీయించి, ఆ గడ్డం అతనికి ఇచ్చేశాడు, ఎక్కడికీ మోయకుండా ఒకే చోట పెట్టుకోవాలనే షరతు మీద. తీసుకుపోవడానికి నలుగురు వచ్చారు. వాళ్లలో ఒకతను ఇప్పటికీ సరిగ్గా వంగలేడని వింటాను.

పెడల్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకునే సౌకర్యం కూడా ఉందని మామ ఆలస్యంగా కనుక్కున్నాడు. అప్పటి నుంచి ఇంట్లో వాయించినా బయటికి వినబడేది కాదు. నెల తిరక్కుండానే అత్త ఇంకో గొడవ మొదలుపెట్టింది, తనకు ఏమీ వినబడడం లేదని. మామ రెండో హెడ్‌ఫోన్ తెచ్చి, వైరు రెండుగా చీల్చి కలిపాడు. సాయంత్రాలు ఇద్దరూ చాప మీద ఎదురెదురుగా, చెవులు మూసుకుని, మాటా పలుకూ లేకుండా గంటలు కూర్చునేవాళ్లు. మొగుడూ పెళ్లాలకు చెడిందని, రాజీ చేద్దామని ఎదురింటి వాళ్లు ఒకసారి వచ్చారు. తలుపు తీసేవాళ్లు లేక, కాసేపు తట్టి వెళ్లిపోయారు. "సప్పుడు చెయ్యడం సులువే పాపా," అనేవాడు మామ. "ఎవురికీ తొందరవు, ఇబ్బంది లేకుండా చెయ్యడం కష్టం."

నేను ఆయన్ని ఆఖరిసారి చూసింది పోయిన నెల, బీచ్ రోడ్డులో. సాయంత్రం బండ్లు ఆపేసి, మనుషుల్ని మాత్రం నడవనిచ్చే వేళ. మామ సముద్రం గోడ మీద కూర్చుని ఉన్నాడు. పెడల్ చొక్కా జేబులో ఉంది, చెవులకు హెడ్‌ఫోన్ ఉంది, ఒళ్లో గిటారు. పక్కన అత్త పల్లీలు ఒలుచుకుంటోంది. నడిచిపోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి, వేళ్లు కదులుతున్నా శబ్దం రాని ఆ గిటారును చూసి, జాలిగా పోతున్నారు.

సుండల్ అమ్మే ఒకామె మా ముందు ఆగింది. చంకలో గిన్నె, దాంట్లో ఉడికించిన శనగలు, పైన మామిడి తురుము. "ఏం పెద్దాయనా, సప్పుడే రాలేదే. పాడైపోయిందా?" అని అడిగింది.

మామ హెడ్‌ఫోన్ తీసి, జాగ్రత్తగా, ఆమె కొప్పు చెదరకుండా ఆమె చెవులకు పెట్టాడు. మళ్లీ వాయించడం మొదలుపెట్టాడు.

ఆమె ముందు ఉలిక్కిపడింది. తర్వాత గిన్నెను నడుము మీదికి సర్దుకుని, కదలకుండా నిలబడింది. వెనకాల ఎవరో సుండల్ కావాలని పిలిచారు. ఇంకెవరో వచ్చి నిలబడ్డారు. ఆమెకు వాళ్ల మాట వినబడలేదు, మాకు మామ పాట వినబడలేదు. ఆయన వేళ్లు తీగల మీద నడుస్తూ ఉన్నాయి. ఆమె కళ్లు మూసుకుని, గరిటె పట్టుకున్న చెయ్యి కొంచెం పైకెత్తి, తల మెల్లగా ఊపుతూ ఉంది.